నాన్నతో ప్రయాణంలో పాపకు బాత్రూమ్ వస్తే

ప్రశ్న: మాది హనుమకొండ. నా భార్య నర్సు. ఆమెకు చాలా ఆదివారాలు డ్యూటీ ఉంటుంది కాబట్టి మా పాపను నేనే బస్సులో కరీంనగర్‌లోని అమ్మమ్మ ఇంటికి తీసుకెళ్తుంటాను. పాపకు నాలుగున్నరేళ్లు. ఈమధ్య ఒక బస్టాండ్‌లో బాత్రూమ్ వస్తోందంటే ఆడవాళ్ల వైపు గుమ్మం దాకా వెళ్లి లోపలికి పంపబోయాను. ఒకావిడ "ఇక్కడేం పని నీకు" అని గట్టిగా అరిచారు. మగవాళ్ల వైపు తీసుకెళ్తే తలుపుకు గొళ్లెం లేదు. అందరూ మమ్మల్నే చూశారు. పాప భయపడి పని కాకుండానే బయటికి వచ్చేసింది, బస్సెక్కాక బట్టలు తడుపుకుంది. అప్పటి నుంచి బయటికి వస్తే నీళ్లు కూడా తాగనంటోంది. తల్లి తోడు లేకుండా ఆడపిల్లను ఎందుకు తిప్పుతారని మా అత్తగారు అంటున్నారు. పాపను ఏ వైపు తీసుకెళ్లాలి? ఎన్నేళ్ల వరకు? మా అక్కకు ఎనిమిదేళ్ల బాబు ఉన్నాడు, ఆమెకు కూడా ఇలాంటి ఇబ్బందే ఉంది.
ఒక పాఠకుడు, హనుమకొండ

సమాధానం: మీ ప్రశ్నల్లో ముఖ్యమైనదానికి ముందుగా సూటిగా జవాబు చెబుతాను. నాలుగున్నరేళ్ల పాపను మీతో పాటు మగవాళ్ల వైపే తీసుకెళ్లండి, తలుపున్న గదిలోకి మీరు కూడా వెళ్లండి, పని పూర్తయ్యేవరకు ఆమెను విడిచి బయటికి రాకండి. ఆ వయసు పిల్లకు బట్టలు సర్దుకోవడం, కడుక్కోవడం, బిగుసుకుపోయిన గొళ్లెం తీయడం ఒంటరిగా చేతకాదు. మీ కంటికి ఆనని చోట, లోపల ఎవరున్నారో మీకు తెలియని చోట ఆమెను వదలడం కంటే, నలుగురు మగవాళ్లు వింతగా చూసినా సరే, మీ చేతుల్లో ఉండడమే ఆమెకు క్షేమం. ఇందులో మీరు సిగ్గుపడవలసింది ఏమీ లేదు. బిడ్డకు కడగడం తల్లి పని, తండ్రి ఆ పని చేస్తే విడ్డూరం అనుకునే అలవాటు మన ఊళ్లలో ఇంకా పూర్తిగా పోలేదు గానీ, ఆ అలవాటు కోసం పాప అవసరాన్ని పక్కన పెట్టలేము కదా.

మీ మీద అరిచిన ఆవిడను కూడా నేను తప్పుపట్టలేను. ఆడవాళ్ల మరుగుదొడ్డి గుమ్మం దగ్గర మగమనిషి కనిపిస్తే ఉలిక్కిపడడానికి వాళ్లకు కారణాలు ఉంటాయి, మీ వెనక చిన్నపిల్ల ఉందని ఆవిడ గమనించి ఉండకపోవచ్చు. రైల్వే స్టేషన్లలో అయితే స్త్రీలకు ప్రత్యేకించిన గదిలోకి తగిన కారణం లేకుండా పురుషుడు ప్రవేశించడం 1989 రైల్వే చట్టం 162వ సెక్షన్ ప్రకారం నేరం. కాబట్టి మీరు ఆడవాళ్ల వైపు లోపలికి వెళ్లడం ఎక్కడా మంచి మార్గం కాదు. గుమ్మానికి నాలుగడుగుల దూరంలో పాప చేయి పట్టుకుని నిలబడి, "అక్కా, పాపకు బాత్రూమ్ వస్తోంది, వాళ్ల అమ్మ వెంట లేదు" అంటే, "ఇటియ్యి అన్నా, నేను తోల్కపోత" అని ఎవరో ఒకరు తప్పకుండా ముందుకు వస్తారు. మన ప్రాంతపు ఆడవాళ్ల ఆ మంచితనం మీద నాకు సందేహం లేదు. అయినప్పటికీ పాప తన పని తాను చేసుకోలేని వయసులో ఆ సాయం అందుకోవద్దనే నా సలహా. ఎవరుపడితే వారు నీ బట్టలు విప్పకూడదని ఒకవైపు ఇంట్లో నేర్పుతూ, ముక్కూ మొహం తెలియని మనిషి చేతికి సరిగ్గా ఆ పనికే అప్పగిస్తే, పిల్లకు మన మాటల్లో ఏది నమ్మాలో తెలియదు. ఇంకో రెండు మూడేళ్లకు పాప అన్నీ సొంతంగా చేసుకోగలిగినప్పుడు, ఆ అక్క తలుపు బయట కాపలాగా నిలబడితే చాలు, అప్పుడు ఆ సాయం నిశ్చింతగా తీసుకోవచ్చు.

ఇక మగవాళ్ల వైపు ఎలా వెళ్లాలో కాస్త వివరంగా చెబుతాను, ఎందుకంటే మీ పాప భయం అంతా అక్కడే మొదలైంది. మన బస్టాండ్లలో చాలా చోట్ల గోడ వెంట నిలబడి పోసే వరుస ముందు ఉంటుంది, తలుపులున్న గదులు దాని వెనక ఉంటాయి. అంటే ఆ వరుసను దాటుకునే వెళ్లాలి. ముందు గుమ్మంలో ఆగి లోపల చూడండి. రద్దీగా ఉంటే ఒకటి రెండు నిమిషాలు ఆగండి, నిలిచి ఉన్న బస్సు కదిలిందంటే జనం పలచబడతారు. తర్వాత పాపను ఎత్తుకుని, ఆమె ముఖం గోడ వరుసకు అవతలి వైపు మీ భుజం మీద ఉండేలా పట్టుకుని, "చిన్నపాప ఉంది అన్నా, కొంచెం జరగండి" అని వినపడేలా అంటూ నేరుగా గదిలోకి వెళ్లండి. మీరు అక్కడ ఎందుకున్నారో ఆ ఒక్క మాటతో అందరికీ తెలుస్తుంది, చాలామంది దారి ఇస్తారు, చూపులు తిప్పుకుంటారు. నడిపించుకుంటూ మాత్రం తీసుకెళ్లవద్దు. నేల జారుడుగా ఉండడం ఒక కారణమైతే, ఆ వయసు పిల్లల కళ్లు సరిగ్గా చూడకూడనిది కనిపించే ఎత్తులోనే ఉండడం ఇంకో కారణం.

లోపలికి వెళ్లాక గొళ్లెం పడుతుందేమో చూడండి. పడకపోతే మీ వీపును తలుపుకు ఆనించి ఉంచితే సరిపోతుంది, మీరు లోపలే ఉన్నారు కాబట్టి గొళ్లెం లేకపోవడం పెద్ద ఆటంకం కాదు, ఆ మాట పాపకు కూడా చెప్పండి. సంచిని కింద పెట్టే చోటు గానీ, తగిలించే మేకు గానీ దాదాపు ఎక్కడా ఉండవు కాబట్టి మెడ మీదుగా అడ్డంగా వేసుకునే సంచి అయితే రెండు చేతులూ ఖాళీగా ఉంటాయి. మన పద్ధతి దొడ్డి అయితే పాదాలు పెట్టే దిమ్మల మీద ముందు కొన్ని నీళ్లు పోయండి. లెగ్గింగ్‌ను మోకాళ్ల దాకా దించి కూర్చోబెడితే కాళ్లు ఎడంగా పెట్టలేక ధార బట్టల మీదే పడుతుంది, అంచులు నేల మీది నీళ్లలో తడుస్తాయి. ఒక కాలు పూర్తిగా తీసేసి, రెండో కాలి తొడ మీదికి దాన్నంతా ముడిచి పెట్టండి. ఫ్రాక్ అంచును ముందుకు మడిచి పాప చేతికే ఇవ్వండి, మీరు ఆమె వెనక గొంతుకు కూర్చుని చంకల కింద చేతులు వేసి పట్టుకోండి. వెనక ఆనుకోవడానికి నాన్న ఉన్నాడని తెలిసిన పిల్ల బిగుసుకుపోదు, బిగుసుకోకపోతేనే మూత్రం వస్తుంది. నిజానికి ప్రయాణం రోజు బిగుతు లెగ్గింగ్ కంటే, వదులుగా ఉన్న చెడ్డీ, దాని మీద మోకాళ్ల దాకా ఫ్రాక్ వేస్తే ఈ అవస్థ సగం తగ్గుతుంది. కుర్చీలాంటి కమోడ్ ఉంటే అంచులు తుడిచి కూర్చోబెట్టండి. పక్కనున్న పైపు నీళ్లను మాత్రం ముందు నేల మీద వదిలి వేగం చూసుకోండి, ఒక్కసారిగా గట్టిగా తగిలితే పిల్లలు మళ్లీ ఆ కమోడ్ ఎక్కరు.

కడిగేటప్పుడు ముందు నుంచి వెనక్కి కడగాలి, వెనక నుంచి ముందుకు చేయి తేకూడదు. ఆడపిల్లల్లో మూత్రనాళం పొట్టిగా, మలద్వారానికి దగ్గరగా ఉంటుంది కాబట్టి మలంలోని క్రిములు తేలికగా లోపలికి చేరి ఇన్ఫెక్షన్ వస్తుంది. ఇది తల్లులకు తమ తల్లుల నుంచి తెలుస్తుంది, తండ్రులకు ఎవరూ చెప్పరు, అందుకే ఇక్కడ ప్రత్యేకంగా రాస్తున్నాను. అక్కడి బకెట్‌లో నీళ్లు ఎలాంటివో తెలియదు కాబట్టి ఒక చిన్న బాటిల్ నీళ్లు దీనికోసమే విడిగా పెట్టుకోండి, తర్వాత మెత్తని పొడిగుడ్డతో అద్దండి. చేసే ముందు "ఇప్పుడు కడుగుతాను, సరేనా" అని చెప్పి చేయండి. తన శరీరాన్ని తాకేవారు తనకు చెప్పి తాకాలని పాపకు అలా మీ చేతుల్లోనే అలవాటవుతుంది. మీకు కూడా అవసరమైతే గోడ వరుస దగ్గరికి వెళ్లకండి, అదే గదిలో పాపను తలుపు వైపు తిరిగి మీ చొక్కా అంచు పట్టుకుని నిలబడమనండి.

బయటికి వస్తే నీళ్లు తాగనంటోందని మీరు రాసిన మాట నన్ను అన్నిటికంటే ఎక్కువగా కలవరపెట్టింది. చాలామంది తల్లిదండ్రులు కూడా ఇదే ఉపాయంగా భావించి ప్రయాణం రోజు పిల్లలకు నీళ్లు తగ్గిస్తారు. ఎండాకాలంలో నలభై డిగ్రీలు దాటే మన వరంగల్, కరీంనగర్ ప్రాంతాల్లో అది ప్రమాదకరం. నీళ్లు తగ్గినా, వచ్చిన మూత్రాన్ని గంటల తరబడి ఆపుకున్నా ఇన్ఫెక్షన్ వచ్చే అవకాశం పెరుగుతుంది, మలబద్ధకం వస్తుంది, మలబద్ధకం వల్ల మూత్రం సమస్య ఇంకా ఎక్కువవుతుంది. మూత్రం పోసేటప్పుడు మంట అన్నా, మాటిమాటికి కొద్దికొద్దిగా పోస్తున్నా, కారణం తెలియని జ్వరం వచ్చినా ఆలస్యం చేయకుండా పిల్లల డాక్టరుకు చూపించి మూత్ర పరీక్ష చేయించండి. బస్సులో బట్టలు తడుపుకున్నందుకు ఆమెను ఎవరైనా కోప్పడి ఉంటే, ఇప్పుడైనా దగ్గర కూర్చోబెట్టుకుని అది ఆమె తప్పు కాదని చెప్పండి. ఒక జత బట్టలు, ఒక ప్లాస్టిక్ కవరు సంచిలో ఉన్నాయని ఆమెకు చూపించండి. తడిసినా ఏమీ కాదని తెలిసిన పిల్ల మళ్లీ నీళ్లు తాగుతుంది.

ఈ వయసు పిల్లలు ఆటలోనో, కిటికీ చూస్తూనో ఆఖరి నిమిషం దాకా చెప్పరు. "వస్తోందా?" అని అడిగితే రావట్లేదనే అంటారు. కాళ్లు ముడుచుకోవడం, మడమ మీద కూర్చోవడం, ఉన్నచోట ఉండలేకపోవడం చూసి మీరే గుర్తుపట్టాలి, అడగడానికి బదులు "పోయొద్దాం రా" అని లేవాలి. రెండు మూడు గంటలకోసారి తీసుకెళ్లడం ఈ వయసుకు సరిపోతుంది. మీ దారి హనుమకొండ నుంచి కరీంనగర్‌కు సుమారు 70 కిలోమీటర్లు కాబట్టి, ఇంట్లో బయలుదేరే ముందు ఒకసారి, చేరిన వెంటనే అమ్మమ్మ ఇంట్లో ఒకసారి అయితే మధ్యలో ఇబ్బంది పడే సందర్భాలు చాలా తగ్గుతాయి. ఆ మధ్యలో కూడా అవసరమైతే హుజూరాబాద్ బస్టాండ్‌లో బస్సు ఆగకముందే కండక్టర్‌తో "పాపను బాత్రూమ్‌కు తీసుకెళ్లి వస్తాను, కొంచెం ఆపండి" అని చెప్పి దిగండి. ముందు సీట్లలో కూర్చుంటే ఈ మాట చెప్పడం, దిగడం రెండూ తేలిక.

బస్టాండ్ ఒక్కటే దిక్కు అనుకోవద్దు. బండి మీదో కారులోనో వెళ్లినప్పుడు పెట్రోల్ బంకులు నయం. మరుగుదొడ్డి సౌకర్యం కల్పించాలన్నది అక్కడి నియమం, చాలా బంకుల్లో అది విడిగా ఉన్న చిన్న గది కాబట్టి తండ్రీ కూతురూ కలిసి వెళ్లినా ఎవరికీ అభ్యంతరం ఉండదు. పెద్ద రైల్వే స్టేషన్లలో దివ్యాంగుల కోసం కట్టిన మరుగుదొడ్డి తలుపు వెడల్పుగా, లోపల ఇద్దరికి సరిపడా ఉంటుంది. ఆ అవసరం ఉన్నవారు ఎవరూ వేచి లేకపోతే అక్కడి సిబ్బందిని అడిగి వాడుకోవచ్చు. కాజీపేటలోనో వరంగల్‌లోనో రైలెక్కేటట్లయితే స్టేషన్‌లో కంగారు పడకుండా ఎక్కేవరకు ఆగడం మేలు. రైలు పెట్టెల్లోని మరుగుదొడ్లకు ఆడ, మగ తేడా లేదు, తల్లైనా తండ్రైనా పిల్లలతో వెళ్లి తలుపు వేసుకోవచ్చు.

జాతర సంగతి వేరు. రెండేళ్లకోసారి మేడారం వెళ్లినప్పుడు గానీ, వేములవాడలో రద్దీ రోజుల్లో గానీ రేకులతో వేసిన తాత్కాలిక మరుగుదొడ్ల వరుసలు ఉంటాయి, నీళ్లు ఉన్నాయో లేదో వెళ్లేదాకా తెలియదు. విడిది దొరకగానే, అవసరం రాకముందే మీరు ఒక్కరే వెళ్లి దగ్గర్లో ఏది శుభ్రంగా ఉందో, ఏ తలుపు పడుతుందో చూసి రండి. మీ ఫోన్ నంబరు రాసిన చీటీ పాప జేబులో ఉంచండి. ఇక్కడ వాగు ఒడ్డునో, గుండం దగ్గరో బట్టలు మార్చుకునే గదుల విషయంలో ఒక తేడా గుర్తుంచుకోవాలి. మరుగుదొడ్డిలో ఎవరి గది వారిది, తలుపు ఉంటుంది. బట్టలు మార్చుకునే చోట అందరూ ఒకేచోట ఉంటారు. కాబట్టి పాపను మగవాళ్లు బట్టలు మార్చుకునే గదిలోకి తీసుకెళ్లకుండా, ఒక పక్కన తువ్వాలు అడ్డం పెట్టి అక్కడే మార్చండి.

ఎన్నేళ్ల వరకు అన్నదానికి నేను ఒక అంకె చెప్పి ఊరుకోను. తన బట్టలు తాను విప్పుకుని వేసుకోవడం, గొళ్లెం పెట్టి తీయడం, శుభ్రంగా కడుక్కోవడం, ఇబ్బంది వస్తే గట్టిగా అరిచి పిలవడం, ఈ నాలుగూ వచ్చాయా అని చూడండి. సాధారణంగా ఏడు ఎనిమిదేళ్లకు ఇవన్నీ కుదురుతాయి, అప్పుడు పాపను ఆడవాళ్ల వైపు పంపి మీరు బయట నిలబడవచ్చు. అంతకంటే ముందే ఆమె మగవాళ్ల వైపు రావడానికి సిగ్గుపడితే ఆ సిగ్గును తేలిగ్గా తీసేయకండి. ఆరేళ్ల పాప "నేను అటు రాను" అంటే, శుభ్రంగా, ఖాళీగా ఉన్న చోటు చూసి ఆడవాళ్ల వైపు పంపి, అక్కడ ఊడ్చే సఫాయి అమ్మకు చెప్పి, మీరు గుమ్మం కనిపించేలా నిలబడి మాట్లాడుతూ ఉండండి. తొమ్మిది పదేళ్లు వచ్చాక ఆమె సంచిలో ఒక ప్యాడ్ ఉండాలి, దాన్ని ఎలా వాడాలో వాళ్ల అమ్మ ముందే చెప్పి ఉంచాలి, అలా ఉంచారన్న సంగతి మీకు కూడా తెలిసి ఉండాలి.

మీ అక్కగారి బాబు విషయం ఇంకో రకం. ఎనిమిదేళ్ల మగపిల్లవాడు ఆడవాళ్ల వైపు వస్తే కొందరు స్త్రీలకు ఇబ్బందిగా ఉంటుంది, ఆ ఇబ్బంది న్యాయమైనదే. ఆ వయసుకు బాబుకు కూడా అది నామోషీగా ఉంటుంది. ఐదారేళ్ల వరకు ఎవరూ ఏమీ అనరు, అన్నా పట్టించుకోనక్కరలేదు. ఎనిమిదేళ్లకు మామూలు సమయాల్లో మగవాళ్ల వైపు పంపడం మొదలుపెట్టాలి గానీ, "మగపిల్లవాడే కదా, వాడికేమవుతుంది" అన్న ధైర్యంతో మాత్రం కాదు. కేంద్ర మహిళా, శిశు అభివృద్ధి మంత్రిత్వ శాఖ 2007లో విడుదల చేసిన అధ్యయనంలో లైంగిక వేధింపులకు గురైనట్టు చెప్పిన పిల్లల్లో సగానికి పైగా మగపిల్లలే. పిల్లలపై లైంగిక నేరాలను అరికట్టడానికి 2012లో వచ్చిన పోక్సో చట్టం కూడా 18 ఏళ్లలోపు ఆడపిల్లలకు, మగపిల్లలకు సమానంగా వర్తిస్తుంది. కాబట్టి గోడ వరుస దగ్గర కాకుండా తలుపున్న గదిలోకే వెళ్లమని, లోపల ఎవరైనా మాట కలిపితే ఆగకుండా బయటికి రమ్మని అక్కగారు బాబుకు చెప్పాలి. ఆమె గుమ్మానికి దగ్గరగా నిలబడి, "నేనిక్కడే ఉన్నా, అయిందా?" అని లోపలికి వినపడేలా ఒకటి రెండుసార్లు అడగాలి. బయట తల్లి ఉందని లోపలున్న ప్రతివారికీ తెలియడమే ఇందులో అసలు రక్షణ. జవాబు రాకపోతే మొహమాటపడకుండా "లోపలికి వస్తున్నాను" అని చెప్పి వెళ్లాలి, కన్నబిడ్డ కోసం ఆ గుమ్మం దాటిన తల్లిని ఎవరూ తప్పుపట్టరు. రాత్రిపూట, నిర్మానుష్యంగా ఉన్న చోట, లోపల మనుషులు తేడాగా అనిపించినప్పుడు ఎనిమిదేళ్ల బాబునైనా తనతో పాటు ఆడవాళ్ల వైపే తీసుకెళ్లమనండి, "బాబు చిన్నవాడు, ఒక్క నిమిషం అక్కా" అని ముందే చెబితే సరిపోతుంది.

పిల్లలిద్దరికీ నేర్పవలసిన మాటలు ఒకటే. బట్టల కింద ఉండే భాగాలను కడగడానికి అమ్మానాన్నలు, ఇంట్లో చూసుకునే పెద్దవాళ్లు, వాళ్లు పక్కన ఉండగా డాక్టరు తప్ప ఎవరూ తాకకూడదు. బాత్రూమ్‌లో జరిగింది ఎవరికీ చెప్పొద్దని ఎవరైనా అంటే వెంటనే వచ్చి చెప్పాలి, చెప్పినందుకు ఎవరూ కొట్టరు. ఏదైనా జరిగిందని పిల్లలు చెబితే నమ్మండి, 1098 పిల్లల సహాయ నంబరుకు గానీ 112కు గానీ ఫోన్ చేయండి.

మీ అత్తగారితో వాదన పెట్టుకోవద్దు. ఆమె భయం ఆ ఒక్క రోజు జరిగినదాన్ని విన్నందువల్ల కలిగింది. ఈసారి కరీంనగర్ వెళ్లినప్పుడు సంచిలో ఏమేం పెట్టుకున్నారో, దారిలో పాపను ఎక్కడ దింపారో, ఎలా కడిగారో ఆమెకు మామూలు కబురులాగా చెప్పండి, ఆమె దగ్గర ఇంకేవైనా మెళకువలు ఉంటే అడిగి తెలుసుకోండి. పాపను తీసుకెళ్లడం మాత్రం ఆపకండి. గొళ్లెం లేని ఆ తలుపు గురించి అదే బస్టాండ్‌లో విచారణ కౌంటర్‌లో కాగితం మీద రాసి ఇవ్వండి, చిన్నపిల్లలతో వచ్చేవారి ఇబ్బంది అని అందులో స్పష్టంగా పేర్కొనండి, మళ్లీ అటు వెళ్లినప్పుడు బిగించారో లేదో చూసి, బిగించకపోతే డిపో మేనేజర్‌కు ఇంకో కాగితం ఇవ్వండి.